కడిగి ఆరబెట్టడమైనది

కాయ పండయ్యేటప్పుడు దాని లోపలి గోడలు కూలుతాయి. ఆ కూలడం ఎంత వేగంగా జరుగుతుందో కొలవడం ఆ వేసవిలో నా పని. చదువుకున్నవాళ్లు అడిగితే పరిశోధన అనేదాన్ని, మా గల్లీలో అడిగితే నౌకరీ అనేదాన్ని. నిజం చెప్పాలంటే కూలే గోడల దగ్గర కూలీని.

సూరత్‌లో ఒక కాలేజీ. అక్కడ ఒక ప్రొఫెసర్ మేడమ్ దగ్గర ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. మొదటి విడత కొలతలు నమ్మదగ్గవిగా వస్తే నా పీహెచ్‌డీ ఫారం మీద సంతకం పెడతానని మేడమ్ చెప్పారు. రాకపోతే ఏం చేస్తారో చెప్పలేదు. ఆమె చెప్పని మాటలే నాకు పొద్దస్తమానం వినబడేవి. కొలవాల్సింది కేసర్ మామిడిని. అది నెలన్నర కనబడి మాయమవుతుంది. ఈ కోత తప్పిందంటే మళ్లీ ఏడాదే.

మా ఇల్లూ సూరత్‌లోనే, నవాగామ్ అనే పేటలో. నేను పుట్టకముందే కరీంనగర్ దిక్కు నుంచి వచ్చారు మావాళ్లు. బాపు సంచా నడుపుతాడు. ఇక్కడ మరమగ్గాన్ని సంచా అంటారు. పద్మశాలీల ఇంట పుట్టి పాలీశాకరైడ్ల పాలబడ్డది మా వంశంలో నేనొక్కదాన్నే. ఒక ఆదివారం బాపు అడిగాడు, "ఏం పని బిడ్డా అది? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

మగ్గం మనిషికి బట్ట భాషలో చెప్పాలి కదా. మొక్కల్లో ప్రతి కణం చుట్టూ ఒక గోడ ఉంటుందన్నాను. అది నేసిన బట్టలాంటిది. చక్కెర అణువులు వందలు వేలుగా గొలుసు కట్టి పోగులవుతాయి. వాటినే పాలీశాకరైడ్లు అంటారు. సెల్యులోజ్ గట్టి పోగు, పడుగు అనుకో. హెమీసెల్యులోజ్ దాన్ని అడ్డంగా పట్టుకుని ఉండే పేక. వీటి సందుల్లో, కణానికీ కణానికీ మధ్యన, పెక్టిన్ అని ఒకటుంటుంది. అది గంజి. పచ్చికాయలో గంజి బిగుసుకుని ఉంటుంది కాబట్టి కాయ గట్టి. మాగేటప్పుడు కాయే కొన్ని ఎంజైములు తయారుచేసుకుని తన గంజిని తానే కరిగించుకుంటుంది. పోగులు వదులవుతాయి, కణాలు ఒకదాని చెయ్యి ఒకటి విడుస్తాయి. మనం పండు మెత్తబడింది అంటాం.

బాపు చాయ్ సాసర్లో పోసుకుని అంతా విన్నాడు.

"అంటే, గంజి పోతే బట్ట మెత్తగైతది."

"అంతే."

"గీ ముచ్చట చెప్పినందుకు నీకు జీతమిస్తున్నరా?"

ఇస్తున్నారు, ఆరు నెలలే అన్నాను. "పాపం, ఆలోపల వాళ్లకు ఎరుకైతదేమో," అన్నాడు.

గంజి కరగకుండా పట్టి ఉంచేది ఒకటుంది: కాల్షియం. రెండు పెక్టిన్ గొలుసుల మధ్య నిలబడి రెంటినీ చెరో చేత్తో పట్టుకుంటుంది. కాయల్ని కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలిపిన నీళ్లలో ముంచితే మెత్తబడటం ఆలస్యమవుతుందా, అయితే ఎంత? ఇదే నా ప్రశ్న. దీనికి జవాబు చెబితే సంతకం.

గురువారం తోట నుంచి కాయలొచ్చాయి. ఒకేరోజు కోసినవి, ఇంచుమించు ఒకే బరువువి, తొడిమ రెండు వేళ్లంత వదిలి కోసినవి. అరవై ఏరుకున్నాను. ముప్పై ఉప్పునీళ్లలో ముంచాలి, ముప్పై ఉత్త శుద్ధజలంలో ముంచాలి. ఉప్పునీళ్లలో ముంచినవాటిని తర్వాత శుద్ధజలంతో నిమిషంసేపు కడిగి ఆరబెట్టాలి. లేకపోతే ఉప్పు తొక్క మీదే పేరుకుని ఉంటుంది; లోపలికి పోయిందెంతో, పైన ఉన్నదెంతో తెలియదు.

నాకొక అలవాటుంది. పని మొదలుపెట్టకముందే పద్ధతంతా ప్రయోగాల పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టుకుంటాను. తడిచేతులతో రాస్తే అక్షరాలు అలుక్కుపోతాయని మొదలైన అలవాటు, తర్వాత బద్ధకానికి బాగా కలిసొచ్చింది. ఆ పొద్దున కూడా రాసేశాను. పుస్తకం ఇంగ్లీషులోనే గానీ, తెలుగులో చెబితే ఆ వాక్యం ఇదీ: శుద్ధజలంతో కడిగి ఆరబెట్టడమైనది. సైన్సు వాక్యాల్లో కర్త ఉండడు. తప్పు దొరికినా దోషి దొరకకుండా ఎవరో పెద్దమనుషులు ఆలోచించి పెట్టిన ఏర్పాటనుకుంటాను.

శుద్ధజలం కాయలు ముంచేసరికే అయిపోయింది. నీళ్లు శుద్ధిచేసే యంత్రాన్ని ఆ ఉదయమే విప్పేశారు, మా భవనంలో కరెంటు తీగలు మారుస్తున్నారని. కుళాయి నీళ్లతో కడగకూడదు, సూరత్ కుళాయి నీళ్లలోనూ కాల్షియం ఉంటుంది. పోనీలే, ఎంత ఉప్పు అంటుకుంటుందనుకుని అలాగే ఆరబెట్టాను. పుస్తకంలో కొట్టేద్దామనుకున్నాను. అక్షరాలు మరీ అందంగా ఉన్నాయి. కొట్టెయ్యలేదు.

అదే సాయంత్రం మేడమ్ వచ్చి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా ల్యాబుకు తాళమన్నారు. సోమవారం, అంటే నాలుగో రోజు, కాయల గట్టిదనం కొలవాలి. అప్పటిదాకా గది ఉష్ణోగ్రతలో ఉంచాలి, ఎవరింట్లో ఉంచుతారని అడిగారు. నేను చెయ్యెత్తాను. మాకున్నదే ఒక గది. దాని ఉష్ణోగ్రతే గది ఉష్ణోగ్రత. ఇంతకన్నా శాస్త్రీయమైన ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

రెండు రకాల్నీ విడివిడిగా పెట్టకూడదు. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి పొయ్యి దగ్గర పడితే తేడా ఉప్పుదో ఎండదో చెప్పలేం. అందుకని కలగలిపి మంచం కింద చాప మీద పరిచాను. గుర్తు కోసం కాగితం చీటీలు కడితే మామిడి సొన తగిలి సిరా చెదిరిపోతుంది. అప్పుడు బాపు పనిలో మిగిలే దారం ముక్కలు గుర్తొచ్చాయి. ఉప్పునీళ్ల కాయ తొడిమకు నీలం దారం, ఉత్తనీళ్ల కాయకు తెల్లదారం. అమ్మ నిద్రపోయాక బాపు కూర్చుని అరవై ముళ్లూ వేశాడు, మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. లాగినా ఊడదు. మా కులవృత్తి సైన్సుకు ఇలా అక్కరకొచ్చిందని నాకు గర్వంగా ఉంది.

అమ్మ ఏం పని చేస్తుందో ఆ గర్వంలో మరిచిపోయాను.

అమ్మది దారాలు కత్తిరించే పని. మార్కెట్ నుంచి టెంపోలో చీరల మూటలు ఇంటికే వస్తాయి. ఎంబ్రాయిడరీ మిషన్ వదిలేసిన పోగులు చీర వెనకాల వేలాడుతుంటాయి. చేతిలో ఇమిడే చిన్న కట్టర్‌తో, గుడ్డకు గాటు పడకుండా, పోగు మిగలకుండా వాటిని తీసెయ్యాలి. ఇరవై ఏళ్లుగా అదే పని. ఇప్పుడు అమ్మకు పోగు కనబడితే చెయ్యి ఆగదు. ఒకసారి బస్సులో ముందు సీట్లోని ఎవరో ఆవిడ జాకెట్టుకు వేలాడే దారాన్ని చప్పుడు కాకుండా తెంపేసింది. నా డిగ్రీ పట్టా రోజున టోపీకున్న కుచ్చును పైకీ కిందకీ చూసి, "గింత పొడుగెందుకు?" అంది. సమయానికి టోపీ తీసేశాను.

శనివారాలు పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి ఊరవతల కడోదరా వెళతాను. ఆ శనివారమూ వెళ్లి సాయంత్రం ఐదింటికి వచ్చాను. అమ్మా, పక్కింటి అత్తా గడప దగ్గర చీరల మూట ముందు కూర్చున్నారు. అత్త మాకు చుట్టమేమీ కాదు. మాలాగే మగ్గాల కోసం వచ్చినవాళ్లు, అమ్మ పని జోడీదారు. మంచం కింద చాప ఖాళీగా ఉంది. కాయలన్నీ నీళ్లు లేని పొడి టబ్బులో గుట్టగా ఉన్నాయి. ఒక్కదాని తొడిమకూ దారం లేదు.

"నీ కాయలకు ఏంటియో దారాలు ఏలాడుతున్నయ్ బిడ్డా," అంది అమ్మ తలెత్తకుండానే. "ఇద్దరం కూసొని సాఫ్ జేసినం. ఒక్క పోగు ఉంటే జూపియ్యి."

ఒక్కటీ లేదు. టబ్బు ముందు కూలబడి అరవై తొడిమలూ చూశాను. ముడి ఉన్నచోట మచ్చ కూడా లేదు. మా అమ్మ పనికి మార్కెట్లో ఎవరూ వంక పెట్టరంటే ఎందుకో అప్పుడు తెలిసింది.

"గట్ల జూస్తున్నవేంది? ఏమైంది?"

"అమ్మా, అవి గుర్తులే."

"ఏం గుర్తులు?"

చెప్పాను. చెబుతుంటే అమ్మ చేతిలో కట్టర్ ఆగిపోయింది. పక్కింటి అత్త చీర మడిచి లేచి నిలబడింది. "నేనైతే పది కాయలే జేసిన తల్లీ, కడమయన్నీ మీ అమ్మనే," అని తన ఇంటివైపు నడిచింది. అక్కడినుంచి ఆ కబురు ఎంత వేగంగా నడిచిందంటే, పొద్దు మునిగేలోపు మేడమీదివాళ్లు కూడా నన్ను పలకరించారు: "నీ చదువు మీ అమ్మ కత్తిరించిందంట గదా?"

"దారాలు యాడ పడేసినవ్?" అని అడిగాను, ఏదో దొరుకుతుందన్నట్టు. అమ్మ వ్యర్థం సంచీ బోర్లించింది. చీరల పోగుల గుట్టలో నీలం ముక్కలు, తెల్ల ముక్కలు. దొరికి ఏం లాభం? ఏ దారం ఏ కాయదో దారానికి తెలియదు.

"నీ సీటు పోతదా?" అంది అమ్మ.

"ఏమో."

దానికి బదులు, ముందు తప్పు నాదేనని చెప్పాల్సింది. దారాలు కత్తిరించేవాళ్లింట్లో దారాలు కట్టి, ఒక్క మాట చెప్పకుండా వెళ్లింది నేనే. చెప్పలేదు. కోపం ఎదుటివాళ్ల మీద ఉన్నంతసేపు మన మీదికి రాదు.

ఆదివారం మధ్యాహ్నం సరుకులు తేవడానికి దుకాణం దాకా వెళ్లి అరగంటలో వచ్చాను. అమ్మా, బాపూ చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కాయలు రెండు వరుసలుగా ఉన్నాయి. ఒక వరుసకు నీలం దారాలు, ఒక వరుసకు తెల్ల దారాలు. బాపు చివరి ముడి బిగిస్తున్నాడు.

"అయిపోయింది," అంది అమ్మ. రాత్రి నిద్రపోని కళ్లు. "నువ్వే జెప్తివి గదా, ఉప్పునీళ్లల్ల ముంచినయి గట్టిగుంటయని. బొటనేలుతోని ఒత్తి జూసిన. గట్టియి నీలం, మెత్తయి తెలుపు. ముప్పై, ముప్పై. సరీగొచ్చినయ్."

నేను కూర్చున్నాను. "అమ్మా, గట్ల చేయొద్దు."

"ఎందుకు?"

"గట్టిగా ఉన్నయా లేవా అనేదే నేను చూడాల్సింది. గట్టివాటిని ముందే ఏరి ఒకదిక్కు పెట్టి, తర్వాత కొలిచి, అరే గట్టిగున్నయే అంటే ఎట్ల? పాసైన పిల్లలను, ఫెయిలైన పిల్లలను ముందే రెండు గదుల్ల కూసోబెట్టి పరీక్ష పెట్టినట్టు."

బాపు ఆలోచించాడు. "అయితే నువ్వు కొలిచినా మీ అమ్మ చెప్పిందే వస్తది గదా."

"వస్తది. అదే మోసం."

"మోసమెట్లయితది? గట్టియి గట్టియే," అంది అమ్మ. "మీ మేడమ్‌కు ఎవరు జెప్తరు? నేను జెప్తనా, మీ బాపు జెప్తడా?"

ఎవరూ చెప్పరు. అదే భయంగా ఉంది. ముచ్చటగా ముప్పై నీలం, ముప్పై తెలుపు, గురువారం నేను పరిచినప్పటికన్నా అందంగా ఉన్నాయి. ఈ కొలతలు ఎంత బాగా వస్తాయో నాకు తెలుసు. ఏ ప్రయోగంలోనూ రానంత బాగా వస్తాయి. ఆ దారాలు అప్పుడే విప్పేయాల్సింది. విప్పలేదు. మర్నాటిదాకా నేను చేసిన పని అంతా అదే, విప్పకపోవడం.

సోమవారం ఆటోలో రెండు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని కాలేజీకి వెళ్లాను. గతుకు వచ్చినప్పుడల్లా కాయలను పట్టుకున్నాను. పగిలిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. పగల్లేదు. కేసర్ నాలాగా పిరికిది కాదు.

మేడమ్ అప్పటికే వచ్చి ఉన్నారు. ఆమె గుజరాతీలో మొదలుపెట్టి హిందీలో ముగిస్తారు. కోపమొస్తే రెండూ మానేస్తారు. డబ్బా మూత తీసి ఒక నీలం దారం కాయ, ఒక తెల్లదారం కాయ రెండు చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా ఒత్తారు. ముఖం వెలిగింది.

"అరే వాహ్, బేటా! చేతికే తెలుస్తోంది తేడా."

చేతికి తెలుస్తోంది, మా అమ్మ చేతికి తెలిసినట్టే. నేను నవ్వాను. ఎలాంటి నవ్వో అద్దం లేదు గనక చెప్పలేను.

మేడమ్ నా ప్రయోగాల పుస్తకం తెరిచారు. కొలతలు మొదలుపెట్టే ముందు పాత పేజీ చదివి కింద సంతకం పెట్టడం ఆమె పద్ధతి. ఆ సంతకం పడ్డాక ఆ పేజీలో ఉన్నది జరిగినట్టే. వేలితో ఒక్కో వాక్యం మీదుగా దిగుతున్నారు. కాయల సంఖ్య. ఉప్పు పాళ్లు. ముంచిన సమయం. కడిగి ఆరబెట్టడమైనది. ఆ వాక్యం మీద వేలు ఆగలేదు, సాఫీగా దాటింది. పెన్ను మూత తీశారు.

"మేడమ్, ఒక్క నిమిషం."

ఆమె తలెత్తారు.

"ఆ దారాలు నేను కట్టినవి కావు."

మొదలుపెట్టాక ఆగలేదు. అమ్మ పని, కట్టర్, టబ్బు, బొటనవేలు, అన్నీ చెప్పాను. మేడమ్ పెన్ను మూత పెట్టేశారు.

"అంటే ఈ అరవైలో ఏది ఏదో నీకు తెలియదు."

"తెలియదు."

"అయితే ఇవి ప్రయోగం కాదు, మామిడిపళ్లు," అన్నారు. మాట నెమ్మదిగానే ఉంది. "తోటవాడి దగ్గర ఇంక కోత లేదు. ఈ ఏటికి ఇంతే. ఫారం గురించి తర్వాత మాట్లాడదాం."

తర్వాత అంటే ఏమిటో నాకు తెలుసు. డబ్బా మూత పెట్టబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, నిజానికి శనివారం నుంచి గుర్తుంది, గుర్తున్నట్టు నాకు నేను ఒప్పుకోలేదు. గట్టిదనంతో సంబంధం లేకుండా ఈ కాయల్ని విడదీసే దారి ఒకటుంది. ఉప్పు తొక్క మీద మిగిలి ఉంటే తడిదూదితో తుడిచి పరీక్ష చేయవచ్చు. ఆక్సలేట్ ద్రావణం చుక్క వేస్తే కాల్షియం ఉన్న నీళ్లు పాలలా తెల్లబడతాయి; లేనివి తేటగా ఉంటాయి. ఉప్పు తొక్క మీద మిగిలి ఉండాలంటే మాత్రం, కాయల్ని కడిగి ఉండకూడదు. నా పుస్తకంలో కడిగాను.

దారాల సంగతి చెప్పినప్పుడు తప్పు ఇంట్లోవాళ్లది. ఇది చెబితే తప్పు నాది, అదీ నా చేతిరాతలో.

"మేడమ్, ఇంకొకటుంది. తొక్క మీద ఉప్పు ఉందేమో చూడవచ్చు."

"ఎలా ఉంటుంది? కడిగావుగా."

"కడగలేదు."

ఆమె పుస్తకం వైపు చూశారు. "ఇక్కడ కడిగినట్టు ఉంది."

"ఉంది. పొద్దున్నే రాసేశాను. నీళ్లు అయిపోయాయి. కొట్టెయ్యలేదు."

మేడమ్ గుజరాతీ మాట్లాడలేదు, హిందీ మాట్లాడలేదు. ఆ పేజీ వెనక్కి తిప్పారు. దాని వెనక పేజీ, దాని ముందుది. అప్పటిదాకా సంతకం పెట్టిన పేజీలన్నీ ఒక్కొక్కటే చూశారు. ఏం చూస్తున్నారో నాకు తెలుసు: ఇందులో ఇంకెన్ని కడగనివి ఉన్నాయని.

"ఇవన్నీ చేసినవేనా?"

"చేసినవే మేడమ్. అదొక్కటే."

"నువ్వు చెబుతున్నావు గనక నమ్మాలి," అన్నారు. ఆ 'గనక' ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

తీగల పని అయిపోయింది గానీ శుద్ధజలం యంత్రం అప్పుడే మళ్లీ బిగించారు. చుక్క చుక్కగా కారుతోంది. సీసా నిండేదాకా ఇద్దరం దాని ముందే కూర్చున్నాం. అంత మెల్లగా కారే నీళ్లను నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో ఆమె ఒకే ప్రశ్న అడిగారు: "మీ అమ్మ కాయల్ని తుడిచారా?" ఫోన్ చేశాను. "కొన్ని తుడిచిన బిడ్డా, సొన అంటుకున్నయి. ఎన్నంటే యాదికి లేదు. ఏమైంది? మేడమ్ ఏమన్నది?" పని ఉందని పెట్టేశాను.

కాయలకు కొత్త నంబర్లు మేడమే వేశారు. దారాలు ఆమే కత్తిరించి, ఏ నంబరుకు ఏ రంగు ఉండేదో నాకు కనబడకుండా విడిగా రాసుకున్నారు. నన్ను తుడవడం వరకే ఉంచారు. ఫలితం రాసింది ఆమె. దూదితో తొడిమ చుట్టూ తుడిచి, దూదిని గొట్టంలోని నీళ్లలో పిండి, చుక్క వేసి, వెలుతురుకు ఎత్తి చూడాలి. మొదటిది తేట. రెండోది తేట. మూడోది తేట. నాలుగోది కూడా తేటగా ఉండేసరికి, ఉప్పంతా ఆ టబ్బులోనే రాలిపోయిందేమో అనిపించింది. అమ్మ అన్నిటినీ తుడిచేసిందేమో. ఐదో గొట్టంలో చుక్క పడ్డచోట సన్నటి పొగలాంటిది కదిలింది. కదిలి, పరుచుకుని, గొట్టం పాలరంగుకు వచ్చింది. అప్పటిదాకా తెల్లబోయింది నేనొక్కదాన్నే.

సాయంత్రానికి అరవైలో ఇరవై మూడు స్పష్టంగా తెల్లబడ్డాయి, ఇరవై ఒకటి స్పష్టంగా తేటగా ఉన్నాయి. పదహారు అటూ ఇటూ కానివి, బహుశా అమ్మ తుడిచినవో టబ్బులో ఒకదానికొకటి రాసుకున్నవో. వాటిని మేడమ్ పక్కకు తీసేశారు. మిగిలిన నలభై నాలుగింటి గట్టిదనం కొలిచాం. ఉప్పునీళ్ల కాయలు గట్టిగానే ఉన్నాయి, కానీ కొంచెమే. గీత గీస్తే పక్కపక్కనే నడిచే రెండు గీతలు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

అప్పుడు మేడమ్ తన కాగితం తీసి అమ్మ కట్టిన రంగులతో పోల్చారు. ప్రతి నాలుగింటిలో ఒకదాని దగ్గర బొటనవేలు పొరబడింది. చెట్టు మీదే కాస్త ముదిరినవి, ఉప్పునీళ్లలో మునిగినా మెత్తబడ్డాయి; లేతవి ఉత్తనీళ్లలోనూ గట్టిగా నిలిచాయి. అమ్మ వరుసల ప్రకారం కొలిచి ఉంటే ఆ కొంచెం తేడా కొండంతై ఉండేది.

"బ్రహ్మాండంగా వచ్చేది," అన్నారు మేడమ్. "నేను సంతకం కూడా పెట్టేదాన్ని."

పుస్తకం నా ముందుకు జరిపారు. ఆ వాక్యాన్ని అడ్డంగా ఒకే గీతతో, కింది అక్షరాలు కనబడేటట్టు కొట్టించారు. కడగలేదని రాయించారు, ఎందుకు కడగలేదో, దారాలు ఎలా పోయాయో రాయించారు. కర్త సహితంగా, నేను అని.

"ఫారం మీద ఈ ఏడు సంతకం పెట్టను," అన్నారు అప్పుడు. "వచ్చే కేసర్‌కు చూద్దాం. ఉద్యోగం అప్పటిదాకా పొడిగిస్తాను. పుస్తకం మాత్రం నా టేబుల్ మీద ఉంటుంది. పని చేసి, ఇక్కడికొచ్చి, రాసి వెళ్లు."

సరేనన్నాను. ఏడాది పోయిందన్న బాధ వస్తుందేమోనని బస్‌స్టాప్ దాకా ఎదురుచూశాను. దానికన్నా ముందు అమ్మ ముఖం వచ్చి నిలబడింది. శనివారం నుంచి ఆమె ఆ కట్టర్ ముట్టలేదు. చీరల మూట విప్పలేదు.

ఇంటికెళ్లేసరికి అమ్మ గడపలో నిలబడి ఉంది. "పోయిందా సీటు?"

"పోలేదు. ఏడాది వెనక్కి పోయింది."

అమ్మ తలపట్టుకుంది. "నా చేతులు ఇరిగిపోను."

"నీ చేతులవల్ల కాదమ్మా." చెప్పుల్తోనే నిలబడి చెప్పాను. కడగకుండా కడిగానని రాసిన సంగతి, మేడమ్ సంతకం ఆపింది దానికేనని. దారాల గురించి కూడా చెప్పకుండా వెళ్లింది నేనేనని.

అమ్మ తల మీది నుంచి చేతులు తీసింది. తర్వాత, "శనివారం ఎరుకేనా నీకు ఇది?"

"ఎరుకే."

"మూడు రోజులసంది నేను అన్నం తింటలేను. నీకు ఎరికుండి కూడా ఊకున్నవ్?"

అప్పుడు చెప్పులు విప్పాను.

"కడగకుంటనే కడిగిన్నని రాస్తివి," అంది అమ్మ. "రేపు నేను దారాలు కోయకుంటనే కోసిన్నని మూట పంపిస్త. మార్కెట్ల సేటు ఊకుంటడా?"

"ఊకోడు."

"మరి మీ మేడమ్ మంచిదే."

"మంచిదే."

"నాకు చెప్పుడు గాదు." అమ్మ నా భుజం పట్టి పక్కింటి వైపు తిప్పింది. "అగో, ఆమెకు జెప్పు. గల్లీ అంతా తిరిగి నీ చదువు నేను ఖరాబ్ జేసిన్నని జెప్పొచ్చింది. ఇప్పుడు నువ్వు వోయి, చేసింది నువ్వని జెప్పు. గట్టిగ జెప్పు, మేడమీదోళ్లకు ఇనబడాలె."

పక్కింటి అత్త తలుపు తీసే ఉంది. పొయ్యి మీద ఏదో వేగుతోంది. మేడమ్ ముందు చెప్పడానికి రెండు విడతలు పట్టింది గదా, ఇది అంతకన్నా తేలికేననుకున్నాను. కాదు. గడపలో నిలబడి గొంతు సవరించుకున్నాను. వెనక నుంచి అమ్మ, "ఇంకా జర గట్టిగ," అంది, నేనింకా నోరు తెరవకముందే.